రొమ్ము తీసేశాక ఇంప్లాంట్, మ్యాట్రిక్స్‌తో మళ్ళీ కట్టించుకోవాలంటే: ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి వైపు మన తెలుగువాళ్ళ కోసం

రొమ్ము తీసేయాలి అని డాక్టరు చెప్పిన రోజునే, ఆపరేషన్ తేదీ ఖాయం కాకముందే, ఒక మాట అడిగేయండి: "తీసేసిన చోట మళ్ళీ కట్టే వీలుందా, ప్లాస్టిక్ సర్జన్‌ని ఒకసారి కలవొచ్చా?" ఈ ప్రశ్న ముందు అడిగినవాళ్ళకీ తర్వాత అడిగినవాళ్ళకీ చాలా తేడా వస్తుంది. ముందే తెలిస్తే, క్యాన్సర్ ఉన్న చోటుని బట్టి వీలైన వాళ్ళకి, సర్జన్ పైచర్మాన్ని ఉంచి, ఒక్కోసారి చనుమొనని కూడా ఉంచి లోపలి భాగం మాత్రం తీస్తారు. తెలియకపోతే చర్మం కూడా కోసేసి ఛాతీని చదునుగా కుట్టేస్తారు, ఆ తర్వాత ఇంప్లాంట్, అంటే రొమ్ము ఆకారానికి లోపల పెట్టే సిలికాన్ సంచి, నేరుగా పెడదామన్నా దాన్ని కప్పడానికి చర్మం చాలకపోవచ్చు. మా వదినకి మొదట చూపించిన చోట ఎవరూ ఈ మాటే ఎత్తలేదు, వేరే ఆస్పత్రిలో రెండో అభిప్రాయానికి వెళ్ళాం కాబట్టి తెలిసింది.

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు మన ఆడవాళ్ళు ఇలాంటివి ఇంట్లో కూడా నోరు విప్పి చెప్పరు. గడ్డ చేతికి తగిలినా పిల్ల పెళ్ళి అయ్యాక చూద్దాం, ఠాకురాణి యాత్ర అయ్యాక చూద్దాం అని నెలలు దాటించేస్తారు, ఇక తీసేశాక మళ్ళీ కట్టించుకోవడం అంటే ఈ వయసులో ఎందుకు ఆ సోకు అనే మాట ఎవరో ఒకరు అననే అంటారు. సోకు కాదమ్మా అది. జాకెట్టు ఒక పక్కకి జారిపోతూ ఉంటే బజారుకి వెళ్ళడానికి కూడా మనసొప్పక ఇంట్లోనే ఉండిపోయిన వాళ్ళని చూశాను కాబట్టి ఇదంతా వివరంగా రాస్తున్నా. అలాగని అందరూ చేయించుకోవాలనీ కాదు. వద్దనుకుని చదునుగానే ఉండిపోవచ్చు, బ్రాలో పెట్టుకునే సిలికాన్ రొమ్మో, నూలుతో అల్లినదో వాడుకోవచ్చు. ఏదైనా సరే, తెలిసి ఎంచుకుంటే చాలు.

ఇంకో భయం కూడా ముందే తీసేస్తాను. ఇంప్లాంట్ పెట్టించుకుంటే క్యాన్సర్ తిరగబెడుతుందని కొందరు బెదరగొడతారు. అలా తిరగబెట్టే అవకాశం పెరుగుతుందని ఇన్నేళ్ళ పరిశీలనలో తేలలేదు. కీమో, కరెంటు (రేడియేషన్), హార్మోన్ మాత్రలు ఏవి రాసినా అవన్నీ మామూలుగానే నడుస్తాయి.

అసలు లోపల ఏం పెడతారు

ఇంప్లాంట్ అంటే సిలికాన్ తొడుగు, లోపల ఎక్కువగా సిలికాన్ జెల్ ఉంటుంది. రొమ్ము కణజాలం అంతా తీసేశాక మిగిలేది పల్చటి చర్మం, దాని కింద కాస్త కొవ్వు. అందులో ఇంప్లాంట్‌ని ఊరికే పెట్టేస్తే కిందికి జారుతుంది, చంక వైపు తప్పుకుంటుంది, అంచులు పైకి కనిపిస్తాయి. అందుకని చాలాకాలం ఛాతీ కండరం కింద దాచేవాళ్ళు, కానీ ఆ కండరం పైభాగాన్నే బాగా కప్పుతుంది, బరువు ఆనే కింది భాగంలో ఆసరా ఉండదు. 2005 నుంచి ఆ కింది భాగంలో టిష్యూ మ్యాట్రిక్స్ అనే షీట్‌ని వాడడం మొదలైంది, దీన్నే డాక్టర్లు ఏడీఎం అంటారు. దానం చేసిన మనిషి చర్మం నుంచో, పంది చర్మం నుంచో, దూడ చర్మం నుంచో తయారుచేస్తారు. అందులో కణాలన్నీ కడిగేసి కొల్లాజెన్ అల్లిక మాత్రం మిగిలిస్తారు, ఎండిన బీరకాయలో గుజ్జంతా పోయి పీచు మిగిలినట్టు. కణాలు లేవు కాబట్టి ఒళ్ళు దాన్ని పరాయిదని తోసేయడం అరుదు, వారాలూ నెలలూ గడిచేకొద్దీ మన రక్తనాళాలు, మన కణాలు ఆ అల్లికలోకి పాకి అది మన ఒంట్లో కలిసిపోతుంది.

ఇక్కడ ఒక విషయం తప్పకుండా అడగండి: ఆ షీట్ దేని నుంచి చేసింది? మన ఇళ్ళలో ఆవు జాతి చర్మం అని, ముస్లిం ఇళ్ళలో పంది చర్మం అని ఆపరేషన్ అయ్యాక తెలిస్తే మనసు కుదుటపడదు. ముందు చెబితే డాక్టరు వేరే రకం చూస్తారు. వార్డులో దీన్ని కూడా మెష్ అనేస్తుంటారు గానీ ప్లాస్టిక్ దారంతో చేసే సింథటిక్ మెష్ వేరు, టైటానియం పూత ఉన్నవీ, నెమ్మదిగా కరిగిపోయేవీ కూడా ఉన్నాయి, కాబట్టి మీకు వేసేది ఏదో పేరుతో సహా రాయించుకోండి. రొమ్ము పెద్దగా, కిందికి జారి ఉన్నవాళ్ళకి ఇంకో దారి కూడా ఉంది, వాళ్ళ సొంత రొమ్ము కింది చర్మాన్నే పైపొర తీసేసి లోపల ఆసరాగా కుట్టేస్తారు, దానికి షీట్ ఖర్చు తగ్గుతుంది లేదా ఉండదు. ఈ సంగతి చాలామందికి ఎవరూ చెప్పరు.

మ్యాట్రిక్స్ వేస్తే అన్నీ బాగుంటాయని మాత్రం అనుకోవద్దు. నీరు చేరడం, ఇన్ఫెక్షన్ దాంతో కొంత ఎక్కువగా ఉండొచ్చు. అమెరికాలో మందులు, వైద్య పరికరాలకి అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ 2021 మార్చిలో ఒక హెచ్చరిక ఇచ్చింది: రొమ్ము కట్టడం కోసమే అని ఏ ఏడీఎంకీ అప్పటికి ప్రత్యేకంగా ఆమోదం ఇవ్వలేదని, ఫ్లెక్స్‌హెచ్‌డీ, అల్లోమ్యాక్స్ అనే రెండు రకాలు వాడినవాళ్ళలో ఇన్ఫెక్షన్, మళ్ళీ ఆపరేషన్, ఇంప్లాంట్ తీసేయాల్సి రావడం ఎక్కువగా కనిపించాయని. అంటే షీట్ పనికిరాదని కాదు, ఏ షీట్, ఎందుకు అని అడిగే హక్కు మనకుందని అర్థం. పైన చర్మానికి రక్తం బాగా అందుతుంటేనే మ్యాట్రిక్స్ పట్టుకుంటుంది. చర్మం నల్లబడితే ఎంత ఖరీదైన షీట్ అయినా నిలబడదు. నేను చెప్పే మిగతావన్నీ ఆ చర్మాన్ని కాపాడుకోవడం గురించే.

కండరం పైనా, కిందా? ఒకేసారా, రెండుసార్లా?

ఇంప్లాంట్‌ని కండరం కింద పెడితే పైభాగం కండరం కప్పుతుంది, కింది భాగానికి షీట్ ఊయలలా ఆసరా. నొప్పి ఎక్కువ, తర్వాత చేత్తో బలంగా తోసినప్పుడల్లా రొమ్ము కదిలినట్టు, పైకి ముడుచుకున్నట్టు కనిపిస్తుంది. కండరం పైన పెడితే ఆ బాధ ఉండదు, కానీ ఇంప్లాంట్ ముందు భాగాన్ని, లేదా మొత్తాన్ని షీట్‌తో చుట్టాలి కాబట్టి షీట్ పెద్దది కావాలి, ఖర్చు పెరుగుతుంది, బాగా సన్నగా ఉన్నవాళ్ళకి ముడతలు పైకి కనిపించొచ్చు. మగ్గం మీద కూర్చునే వాళ్ళు, రోజూ పిండి కలిపే వాళ్ళు, పొలం పని ఉన్నవాళ్ళు మీ పని ఏమిటో డాక్టరుకి చెప్పండి. చేతులతో ఏం చేస్తారు, ఏ చేయి ఎక్కువ వాడతారు అన్నదాన్ని బట్టి సలహా మారుతుంది.

చర్మం మంచిగా ఉండి, రొమ్ము మరీ పెద్దది కాకపోతే ఒకే ఆపరేషన్‌లో ఇంప్లాంట్ పెట్టేస్తారు. చర్మం మీద అనుమానం ఉంటే ముందు ఎక్స్‌పాండర్ అనే ఖాళీ సంచి పెడతారు. రెండు వారాలు దాటాక, గాయం మానిందని చూసుకుని, దాన్ని నింపడం మొదలుపెడతారు. చర్మం మీద ఒక చిన్న అయస్కాంతం ఆనిస్తే లోపలున్న పోర్టు, అంటే సూది గుచ్చే చోటు, ఎక్కడుందో తెలుస్తుంది, అక్కడ గుర్తు పెట్టి, స్పిరిట్‌తో తుడిచి, సన్నని సూదితో 50 నుంచి 100 ఎం.ఎల్. దాకా సెలైన్ ఎక్కిస్తారు. సూది నొప్పి పెద్దగా తెలియదు, ఆ చర్మానికి స్పర్శ తగ్గిపోయి ఉంటుంది. ఆ రాత్రి, మర్నాడు మాత్రం ఛాతీ బిగించి కట్టినట్టు ఉంటుంది. ఇలా వారానికో, రెండు వారాలకో ఒకసారి నింపి, సరిపడా సాగాక కొన్ని నెలలకి ఇంకో ఆపరేషన్‌లో దాన్ని తీసి ఇంప్లాంట్ పెడతారు. ఎక్స్‌పాండర్ ఉన్నన్నాళ్ళు ఎమ్మారై తీయించుకునే ముందు ఆ సంగతి చెప్పి తీరాలి, చాలావాటిలో అయస్కాంతం ఉంటుంది.

ఇప్పుడు ప్రయాణం లెక్క. బరంపురం నుంచి భువనేశ్వర్ సుమారు 165 కిలోమీటర్లు, వైజాగ్ సుమారు 275. రాయగడ, గుణుపురం వాళ్ళకి ఇంకో లెక్క. నింపించుకోవడానికి అన్నిసార్లు ఎవరు తోడొస్తారు, ఆ రోజుల్లో పిల్లలకి వంట ఎవరు చేస్తారు, కూలి పోతే ఎలా అన్నది ఇంట్లో కూర్చుని తేల్చుకున్నాకే ఎక్స్‌పాండర్‌కి ఒప్పుకోండి. డాక్టరుకి కూడా ఊరి దూరం చెప్పండి, వాళ్ళకి అది కేసుషీట్‌లో కనబడదు.

కరెంటు సంగతి

ఆపరేషన్ తర్వాత కరెంటు పెట్టాల్సి వస్తుందా అన్నది అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. చంకలో గ్రంథులకి క్యాన్సర్ పాకినా, గడ్డ పెద్దదైనా చాలామందికి పెడతారు. కరెంటు పడిన చర్మం బిగుసుకుంటుంది, ఇంప్లాంట్ చుట్టూ ఒళ్ళు కట్టుకునే పొర గట్టిపడి రొమ్ము రాయిలా అవడం, నొప్పి, ఇంప్లాంట్ తీసేయాల్సి రావడం, ఇవన్నీ పెరుగుతాయి. మ్యాట్రిక్స్ ఉన్నా ఆ ప్రమాదం పూర్తిగా పోదు. కరెంటు ఖాయం అన్నప్పుడు చాలామంది సర్జన్లు పొట్ట నుంచో వీపు నుంచో సొంత కండ తెచ్చి కట్టడం మేలంటారు, లేదా ముందు వైద్యం అంతా కానిచ్చి తర్వాత చూద్దామంటారు. కాస్త ఆగమన్నారని నిరాశ పడొద్దు. కరెంటు పడే ఛాతీలో తొందరపడి పెట్టించుకోవడం కంటే ఆగడమే మంచిదని నా గట్టి నమ్మకం.

ఆపరేషన్‌కి ముందు

పొగాకు మానాలి. మన వైపు ఇది సిగరెట్ గురించి కాదు. గంజాం, శ్రీకాకుళం తీరంలో పెద్దవాళ్ళు అడ్డపొగ తాగుతారు, నిప్పు నోట్లో పెట్టుకుని. పొద్దున్నే గుడాకుతో పళ్ళు తోముకునేవాళ్ళు, పాన్‌లో గుండి అనే పొగాకు పొడి వేసుకునేవాళ్ళు ఇంటికొకరు. డాక్టరు "సిగరెట్ తాగుతారా" అని అడిగితే లేదు అనేస్తారు, అది నిజమే, కానీ గుడాకులో ఉన్నదీ పొగాకే. నికోటిన్ చిన్న రక్తనాళాలని ముడిచేస్తుంది, పల్చటి రొమ్ము చర్మానికి రక్తం అందక నల్లబడి కుళ్ళిపోతుంది. కనీసం నాలుగు వారాల ముందు నుంచి మానేయాలి, ఆపరేషన్ తర్వాత గాయం పూర్తిగా మానేదాకా ముట్టుకోకూడదు. అత్తగారు పక్కన ఉన్నారని సిగ్గుపడి దాచొద్దు, ఒంటరిగా ఉన్నప్పుడైనా సిస్టర్‌కి చెప్పేయండి.

షుగర్ ఉంటే మూడు నెలల సగటు చూపించే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించి అదుపులోకి తెచ్చుకోవాలి. కానీ దానికోసమో, బరువు తగ్గడం కోసమో క్యాన్సర్ ఆపరేషన్‌ని మీ అంతట మీరే వాయిదా వేసుకోవద్దు, అది డాక్టరు తేల్చాల్సింది.

ఎక్కడికి వెళ్ళాలి అంటే, మనకి దగ్గరగా బరంపురం ఎమ్‌కేసీజీ మెడికల్ కాలేజీ, కటక్‌లో ఆచార్య హరిహర్ క్యాన్సర్ సంస్థ, భువనేశ్వర్ ఎయిమ్స్, అటు వైజాగ్ అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉన్నాయి. ఎక్కడికి వెళ్ళినా క్యాన్సర్ సర్జన్, ప్లాస్టిక్ సర్జన్ ఒకే బల్లపై కూర్చుని మాట్లాడుకుంటారా, ఇలాంటివి ఏడాదికి ఎన్ని చేస్తారు, వాటిలో ఎన్ని ఇంప్లాంట్లు తీసేయాల్సి వచ్చింది అని అడగండి. అడిగితే కోపగించుకుంటారేమో అని భయం వద్దు, మంచి డాక్టరు ఓపిగ్గా చెబుతారు. సంతకం పెట్టే కాగితం ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంటే తెలుగు వచ్చిన సిస్టర్‌ని పిలిపించి చదివించుకుని అప్పుడు పెట్టండి. మాట్లాడే ఒడియా వేరు, కాగితం మీద ఒడియా వేరు.

డబ్బు. ఒడిశాలో 2025 నుంచి ఆయుష్మాన్ భారత్, గోపబంధు జన ఆరోగ్య యోజన కలిపి నడుస్తున్నాయి, కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఆడవాళ్ళకి అదనంగా ఇంకో 5 లక్షలు. క్యాన్సర్ తీసే ఆపరేషన్‌కి కార్డు పనిచేసినంత మాత్రాన ఇంప్లాంట్, మ్యాట్రిక్స్ కూడా అందులోనే వస్తాయని అనుకోవద్దు. ఆస్పత్రిలో కార్డు కౌంటరు దగ్గర రెండూ విడివిడిగా పేరు పెట్టి అడిగి, ప్యాకేజీలో ఉన్నాయో లేదో కాగితం మీద రాయించుకోండి. మ్యాట్రిక్స్ ఎక్కువగా బయటి దేశాల నుంచి వస్తుంది, చాలాసార్లు ఇంప్లాంట్ కంటే దానికే ఎక్కువ అవుతుంది. వైజాగ్ వెళ్ళేవాళ్ళు ఇంకోటి గుర్తుంచుకోండి, ఎన్టీఆర్ వైద్య సేవ ఆంధ్ర రేషన్ కార్డు వాళ్ళకి, మనం తెలుగువాళ్ళం అయినా అది మనకి రాదు. ఆయుష్మాన్ కార్డు మాత్రం వేరే రాష్ట్రంలోనూ చెల్లుతుంది, ఆ ఆస్పత్రి పథకంలో చేరి ఉంటే.

డ్రెయిన్ ఉన్నన్నాళ్ళు

ఆపరేషన్ అయ్యాక పక్కటెముకల దగ్గర నుంచి సన్నని గొట్టం, దాని చివర బల్బులాంటి డబ్బా ఉంటాయి, లోపల చేరే రక్తం, నీరు బయటికి రావడానికి పెట్టే దీన్నే డ్రెయిన్ అంటారు. దాన్ని చూసుకోవడం ఇంట్లో ఎవరో ఒకరు సిస్టర్ దగ్గర నిలబడి నేర్చుకోవాలి. చేతులు సబ్బుతో కడుక్కుని, గొట్టం మొదలు దగ్గర ఒక చేత్తో గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో గొట్టం పొడవునా కిందికి నొక్కుకుంటూ వస్తే లోపల గడ్డకట్టినవి డబ్బాలోకి దిగుతాయి. తర్వాత మూత తీసి గీతలున్న కప్పులో ఒంపి, ఎంత వచ్చిందో, ఏ రంగులో ఉందో నోట్‌బుక్‌లో రాసి, డబ్బాని పిండి గాలి పోయాక అలాగే పట్టుకుని మూత పెట్టాలి. రోజూ ఒకే వేళల్లో. మొదట ఎర్రగా ఉంటుంది, తర్వాత గులాబీ రంగు, ఆ తర్వాత లేత పసుపు. 24 గంటల్లో 20 నుంచి 30 ఎం.ఎల్. లోపు, వరసగా రెండు రోజులు వస్తే సాధారణంగా తీసేస్తారు. మ్యాట్రిక్స్ వేసినవాళ్ళకి ఆలస్యం కావచ్చు, కంగారు పడి త్వరగా తీసేయమని అడగొద్దు.

నా సలహా ఏమిటంటే డ్రెయిన్ తీసేదాకా ఆస్పత్రి ఊళ్ళోనే ఉండండి. గాజువాకలో చుట్టాలుంటే వాళ్ళింట్లో, లేకపోతే చిన్న గది అద్దెకి. ఉండలేక రైల్లో రావాల్సి వస్తే కింది బెర్తు, నైటీకి లోపల జేబు కుట్టి డబ్బాని అందులో పెట్టి పిన్నీసుతో బట్టకి బిగించండి, గొట్టం వేలాడితే ఎవరి చేయో తగిలి లాగేస్తుంది.

జ్వరం 100.4 దాటినా, ఎరుపు పెరుగుతూ వేడిగా ఉన్నా, చీము, వాసన వచ్చినా, చర్మం నల్లబడినా, ఒక్కసారిగా రొమ్ము ఉబ్బినా, డబ్బా గబగబా ఎర్రటి రక్తంతో నిండినా అదే రోజు ఆస్పత్రికి వెళ్ళాలి. ఫోటో పంపి జవాబు కోసం ఎదురుచూస్తూ కూర్చోవద్దు, దగ్గర్లోని ఆస్పత్రికైనా వెళ్ళి అక్కడి నుంచి మీ సర్జన్‌కి ఫోన్ చేయించండి. మ్యాట్రిక్స్ ఉన్న మేర మాత్రం, జ్వరం లేకుండా, ఎర్రగా కనిపించడం కొందరిలో ఉంటుంది, అది ఇన్ఫెక్షన్ కాకపోవచ్చు. కానీ అది తేల్చాల్సింది చూసిన డాక్టరే.

తిండి విషయంలో పెద్దవాళ్ళతో కాస్త గొడవ పడాల్సి వస్తుంది. పప్పు తింటే చీము పడుతుంది, గుడ్డు వేడి, చేప వద్దు అని చారన్నం, పచ్చడి మీద ఉంచేస్తారు. గాయం మానాలంటే మాంసకృత్తులు కావాలి, డాక్టరు వేరే కారణంతో వద్దంటే తప్ప పప్పు, గుడ్లు, చేపలు, పెరుగు అన్నీ పెట్టండి. పసుపు ముద్ద, ఆకు పసరు, నూనె ఏవీ కుట్ల మీద రాయొద్దు. వేడినీళ్ళ సంచితో కాపడం అసలే వద్దు, అక్కడ స్పర్శ ఉండదు కాబట్టి చర్మం కాలిపోతున్నా తెలియదు.

చేతిని భుజం ఎత్తుకి మించి లేపడం డ్రెయిన్ తీసేదాకా వద్దంటారు, అలాగని చేతిని ఛాతీకి అంటించుకుని ఉంటే భుజం బిగుసుకుపోతుంది. వేళ్ళు, మోచేయి మొదటి రోజు నుంచే ఆడించాలి, తర్వాత ఫిజియోథెరపిస్ట్ చెప్పిన వరసలో గోడ మీద వేళ్ళతో పైకి పాకించడం. నీళ్ళ బిందె, గ్యాస్ బండ, మనవడిని ఎత్తుకోవడం ఆరు వారాలు మర్చిపోండి. మగ్గం పని ఉన్నవాళ్ళు డాక్టరు సరేనన్నాక కండెలు చుట్టడంతో మొదలుపెట్టి, మగ్గం మీదకి నెమ్మదిగా వెళ్ళండి. చంకలో గ్రంథులు తీసి ఉంటే ఆ చేతికి గాయాలు, కాలడం తగలకుండా జీవితాంతం జాగ్రత్త, వాపు కనిపిస్తే వెంటనే చూపించండి.

తర్వాతి ఏళ్ళు

ఇంప్లాంట్ జీవితాంతం ఉండేది కాదు, ఎప్పుడో ఒకప్పుడు మార్చాల్సి రావొచ్చు. సిలికాన్‌ది లోపల చిరిగినా పైకి తెలియకపోవచ్చు, అందుకే పెట్టిన 5, 6 ఏళ్ళకి మొదటిసారి అల్ట్రాసౌండో ఎమ్మారైయో, ఆ తర్వాత 2, 3 ఏళ్ళకోసారి చూసుకోమని ఎఫ్‌డీఏ చెబుతోంది. పైతొడుగు గరుకుగా ఉండే రకాల్లో లింఫోమా అనే అరుదైన ఒక క్యాన్సర్ వస్తోందని తేలి 2019లో బయోసెల్ రకం వెనక్కి తీసుకున్నారు, కాబట్టి నున్నటి తొడుగుదే అడగండి. ఏళ్ళ తర్వాత ఒక్కసారిగా నీరు చేరి వాచినా, గడ్డ తగిలినా నిర్లక్ష్యం చేయొద్దు. రెండో రొమ్ముకి ఏటా మామోగ్రామ్ మామూలే. చనుమొన తీసేసి ఉంటే అన్నీ కుదురుకున్నాక కొన్ని నెలలకి అక్కడి చర్మంతోనే చిన్నగా చేస్తారు, లేదా రంగుతో పచ్చబొట్టులా వేస్తారు. మా వదిన అది వద్దంది, బాగానే ఉంది.

డిశ్చార్జి రోజున ఇంప్లాంట్ కార్డు, మ్యాట్రిక్స్ స్టిక్కరు అడిగి తీసుకోండి. కంపెనీ, రకం, సైజు, సీరియల్ నంబరు వాటి మీదే ఉంటాయి. రెండింటికీ జిరాక్సు తీయించి ఒకటి ఆధార్‌తో పాటు, ఒకటి కూతురి దగ్గర, ఫోటో ఫోన్‌లో ఉంచండి. పదేళ్ళ తర్వాత వేరే ఊళ్ళో వేరే డాక్టరు మొదట అడిగేది అదే.